దెబ్బ తగిలిన తరువాత

పాత సినిమాను శుభ్రం చేసి, రంగులు సరిదిద్ది, ధ్వనిని కొత్తగా కూర్చి మళ్ళీ హాళ్ళలో విడుదల చేయడం తెలుగునాట ఇప్పుడు మామూలు వ్యవహారమైపోయింది. 2022 ఆగస్టులో ‘పోకిరి’తో ఊపందుకున్న ఈ వరుసలో 2023 మే 31న, కృష్ణ జయంతికి, ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చింది; 2025 నవంబరు 14న ‘శివ’ వచ్చింది. ఇలాంటి ప్రదర్శనలకు వెళ్ళేవారిలో చాలామందికి సినిమా చూడటం ముఖ్యం కాదు. కాగితాలు ఎగరేసి, డైలాగులు తెరకంటే ముందే అప్పజెప్పి, ఒక వేడుక జరుపుకోవడం ముఖ్యం. అందులో తప్పేమీ లేదు. నేను మాత్రం విజయనగరంలో ‘శివ’కు వెళ్ళింది పేపర్లు దిద్దే మాస్టారి బుద్ధితోనే. కాలేజీ రోజుల్లో మమ్మల్ని అంతగా కుదిపిన సినిమా ఇప్పుడు తన కాళ్ళమీద తాను నిలబడుతుందా, లేక మా జ్ఞాపకాల భుజం పట్టుకుని నడుస్తుందా అన్నది తేల్చుకోవాలనుకున్నాను. వెంట వచ్చిన మేనల్లుడు, ఇంజనీరింగు చదువుతున్నవాడు, హాలు మెట్లు దిగకుండానే తేల్చేశాడు: “ఏటి మావయ్యా, ఇందుకేటి అంతలా సెప్పినావు? ఇందులో ఉన్నవన్నీ మేం ఎప్పుడో సూసేసినవే కదా!”

ఈ మాటకు మా వయసు సినిమా పిచ్చివాళ్ళందరి దగ్గరా ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. నువ్వు ఎప్పుడో చూసేసినవన్నీ దీన్ని చూసి తీసినవే, అందుకే అసలుది నీకు నకలులా కనిపిస్తోంది అని. అది నిజమే కాని, సరిపోయే జవాబు కాదు. మొదట చేసినవాడికి దక్కే గౌరవం చరిత్ర రాసేవారు ఇచ్చేది. టిక్కెట్టు కొనుక్కుని కూర్చున్న ఇరవై ఏళ్ళ కుర్రవాడు ఆ గౌరవాన్ని బాకీ పడి లేడు. ఒక సినిమా ఇప్పటికీ బాగుందని చెప్పడానికి, అది ముందు వచ్చిందన్న సంగతి తప్ప మరో కారణం చూపలేకపోతే, అది బాగాలేదనే ఒప్పుకోవాలి. ఆ కారణం వెతుక్కుంటూ తరువాతి రోజుల్లో ‘అంకుశం’, ‘ఖైదీ’, ‘ప్రతిఘటన’, ‘క్షణ క్షణం’, ఇంకా కొన్ని మళ్ళీ చూశాను. చివరికి నాకు తోచింది ఇది: నేర చిత్రాల్లో దెబ్బ ఎలా తగిలిందన్నది చాలా త్వరగా పాతబడిపోతుంది. తగిలిన తరువాత ఎవరికి ఏమైందో సినిమా పట్టించుకుందా లేదా అన్నది పాతబడదు. ఇంత సూటిగా చెప్పాక, దీనికి ఎన్ని అడ్డంకులున్నాయో కూడా చెప్పాలి.

మాకు వచ్చిన ప్రింటు

మొదటి అడ్డంకి మేము చూసిన సినిమా గురించే. మాది రాజాం, అప్పట్లో శ్రీకాకుళం జిల్లా, 2022 పునర్విభజన తరువాత విజయనగరం జిల్లా. విశాఖపట్నం పంపిణీదారుల చేతిలో ఉన్న కొద్ది ప్రింట్లు ముందు పెద్ద ఊళ్ళు తిరిగి, ఎన్నో వారాలు ఆడి, ఆ తరువాత రేకు పెట్టెల్లో బస్సెక్కి రాజాం, పాలకొండ, చీపురుపల్లి వంటి ఊళ్ళకు చేరేవి. “బాక్సు వచ్చిందా?” అని అడిగిన తరువాతే పోస్టరు నమ్మేవాళ్ళం. వచ్చేసరికి ప్రింటు నిండా గీతలు పడి, ఎండాకాలం సన్నివేశంలో కూడా వాన కురుస్తున్నట్టుండేది. తెగిన చోట ఆపరేటరు రెండు కొసలూ గోకి, జిగురు రాసి అతికించేవాడు. అతుకు పడిన ప్రతిచోటా కొన్ని ఫ్రేములు పోయేవి. అలా ఊరూరా అతుకులు పడుతూ వచ్చిన ఫైటులో హీరో చెయ్యి ఎత్తగానే అవతలివాడు గోడకు తగిలి పడిపోయి ఉండేవాడు. మధ్యలో ఏం జరిగిందో మేము ఊహించుకునేవాళ్ళం. మా ఊహ, నిజం చెప్పాలంటే, ఫైట్ మాస్టరు కంపోజ్ చేసినదానికంటే ఎప్పుడూ గొప్పగానే ఉండేది. రెండో ఆట ఆలస్యమైతే ఆఖరి బస్సు కోసం ఒక పాట ఎత్తేయడం కూడా ఉండేది. కాబట్టి ఇప్పుడు 4కెలో, ఒక్క అతుకైనా లేకుండా చూస్తున్న సినిమా మేము అప్పుడు చూసినది కాదు. దీన్ని మేము చూడటం ఒక విధంగా ఇదే మొదటిసారి.

రెండో అడ్డంకిని మా ఊరి పాత ఆపరేటరు ఒకాయన తెచ్చిపెట్టాడు. కార్బన్ కడ్డీల వెలుతురులో ప్రొజెక్టరు నడిపిన మనిషి, రీలు అయిపోతోందని తెర కుడివైపు పైమూల చుక్క పడగానే రెండో ప్రొజెక్టరుకు మార్చే పని ఏళ్ళ తరబడి చేసినవాడు. నేను ఫోనులో పాత సినిమాలు చూసి మంచిచెడ్డలు రాసుకుంటున్నానని తెలిసి, ఆయన నవ్వలేదు, నొచ్చుకున్నాడు. “ఇంటికాడ ఫోన్లో ఒక్కరూ సూసి, బొమ్మ పాతబడిపోనాదంటే ఎలాగండి బాబూ? ఆ బొమ్మ తీసింది మీ ఒక్కరికి కాదు, నేలా బెంచీ కుర్చీ అంతా కలిపి కూకున్నోళ్ళకి” అన్నాడు.

ఈ అభ్యంతరం బరువైనది. ఆనాటి సినిమాల్లో హీరో మొదటిసారి కనిపించిన తరువాత, లేదా ఒక గట్టి డైలాగు తరువాత, కొంతసేపు ఏమీ జరగదు. హీరో నిలబడి చూస్తూ ఉంటాడు, విలన్ ఒక అడుగు వెనక్కి వేస్తాడు, గాలికి చొక్కా ఎగురుతుంది. ఇంట్లో చూస్తే అది ఖాళీ. హాల్లో చూస్తే ఈలల కోసం విడిచిన చోటు. దాన్ని సాగదీత అనడం, పద్యం చివర రాగం తీసే నటుణ్ణి గడియారం చూపించి మందలించడం వంటిది. అందుకని ఇలాంటి విరామాలకు నేను మార్కులు తగ్గించడం మానేశాను. అయితే ఆపరేటరు గారి వాదన రెండువైపులా పదునున్నది. హాల్లోని కేక లోపాలను కూడా కప్పేస్తుంది. వెయ్యిమంది ఒకేసారి అరుస్తున్నప్పుడు తెరమీద పడిపోయిన మనిషి ఎవరో, అతనికి ఆ దెబ్బ ఎందుకు తగిలిందో అడగాలనిపించదు. ఒంటరిగా చూసినప్పుడు అడగాలనిపిస్తుంది. నేర చిత్రం విషయంలో ఆ ప్రశ్న అవసరమని నా అభిప్రాయం.

సైకిలు చైను

‘శివ’ దగ్గరికే వద్దాం. కాలేజీలో ఎదురుపడ్డ రౌడీలను కొట్టడానికి హీరో శివ పక్కనున్న సైకిలు చైనును చేత్తో గుంజి లాగుతాడు. సైకిలు చైనుకు లాకు ఉంటుందని, అది విప్పనిదే చైను ఊడదని, చేత్తో గుంజితే తెగేది వేళ్ళేనని మా ఊరి సైకిలు షాపాయన 1989లోనే ప్రకటించాడు. ఆ మాట నలుగురికీ చెప్పుకుంటూనే మళ్ళీ వెళ్ళి చూసొచ్చాడు. ఆ చైను ఇప్పుడు నాకు అంత ముఖ్యంగా కనిపించలేదు. పోట్లాటలు ఇప్పటి లెక్కలో చాలా పొట్టివి, కొన్ని చోట్ల బిగువు లేనివి. కెమెరామన్ ఎస్. గోపాలరెడ్డి స్టెడీకామ్ (పరుగెత్తినా బొమ్మ కుదపని కెమెరా) మెట్లమీదా కారిడార్లలోనూ మనుషుల వెంట పరుగెత్తే తీరు అప్పట్లో వింత. ఇప్పుడు పెళ్ళి వీడియోల్లోనూ అది ఉంది. మా మేనల్లుడు ‘ఎప్పుడో సూసేసినవి’ అన్నది వీటినే, అంతవరకు వాడిది న్యాయమే.

వాడు లెక్కపెట్టనివి వేరే ఉన్నాయి. రఘువరన్ వేసిన రౌడీ నాయకుడు భవాని గొంతు పెంచడు. అతనికి తొందర లేదు. అరిచే విలన్లకు అలవాటుపడిన మాకు అప్పుడు అది కొత్తదనంగా తోచింది. ఇప్పుడు చూస్తే అది వ్యాపారస్తుడి ఓపిక అని అర్థమవుతోంది. భవాని అధికారం అతని కండల్లో లేదు. కాలేజీ యూనియన్లో, కార్మిక సంఘంలో, మాచిరాజు వంటి నాయకుడి అవసరంలో ఉంది. కోట శ్రీనివాసరావు వేసిన మాచిరాజుకు భవానితో ఉన్నది స్నేహం కాదు, పని. పని మరొకరి వల్ల జరిగేటట్టుంటే భవాని అక్కరలేదు. ఈ యంత్రాంగాన్ని సినిమా ఎక్కడా ఉపన్యాసంగా చెప్పదు. తనికెళ్ళ భరణి మాటలు పొదుపుగా ఉంటాయి. ఆయనే వేసిన భవాని అనుచరుడు నానాజీ ముఖంలో ఒక్కో సన్నివేశానికీ పెరిగే బెదురు మిగతా పని చేస్తుంది.

దర్శకుడు రామ్‌గోపాల్‌వర్మ విజయవాడలో ఇంజనీరింగు చదివినవాడు. అక్కడి కాలేజీ ముఠాల నుంచే ఈ కథ వచ్చిందని ఆయనే అనేకసార్లు చెప్పాడు. 1988 డిసెంబరు 26న విజయవాడలో ఎమ్మెల్యే వంగవీటి రంగా హత్య, ఆ వెంటనే కోస్తా ఊళ్ళలో దహనాలు, కర్ఫ్యూ. ఆ తరువాత పది నెలలు తిరగకుండానే, 1989 అక్టోబరు 5న, ‘శివ’ విడుదలైంది. కృష్ణా, గుంటూరు జిల్లాల ప్రేక్షకుడు ఆ సినిమాను ఎలా చూసి ఉంటాడో నేను ఊహించుకోగలను. మా ఉత్తరాంధ్రకు ఆ గొడవ చాలావరకు పత్రికల్లో చదివిన వార్తే. అందుకే కాబోలు మేము గొలుసును చూసి ఈల వేశాం కాని, గొలుసు వెనుక ఉన్న ఊరిని గమనించలేదు.

ఆ మొదటి దెబ్బ తరువాత ఏం జరుగుతుందో చూడండి. శివ నెగ్గుతున్న కొద్దీ అతని చుట్టూ ఉన్నవాళ్ళు ఓడిపోతుంటారు. శుభలేఖ సుధాకర్ వేసిన మల్లి చనిపోతాడు. హీరోతో కలిసి నవ్వుతూ తిరిగినందుకు తప్ప అతను చేసిన నేరం లేదు. అన్నయ్య ఇంట్లో నెమ్మది పోతుంది. అమల వేసిన ఆశతో సంసారం మొదలయ్యేసరికే ఇంటినిండా కుర్రాళ్ళు, ఫోన్లు, మంతనాలు. ఆ గదిని ఇంకో కోణం నుంచి తీస్తే భవాని గదికీ దానికీ తేడా కనిపెట్టడం కష్టం. చివరికి అన్నయ్య కూతురు, ఏ గొడవా తెలియని చిన్న పిల్ల, బలవుతుంది. ఆ తరువాత భవానిని శివ చంపినప్పుడు హాల్లో నాకు గెలుపు వినిపించలేదు. ఇళయరాజా సంగీతం కూడా దాన్ని గెలుపుగా చెప్పడానికి పెద్దగా ప్రయత్నించదు. సినిమాలో లోటుపాట్లు లేకపోలేదు. పాటలు కథకు అడ్డం పడతాయి, ఆ మేడమీది ఆఖరి పోరాటం మామూలు పోరాటమే, ఇంత జరిగాక చట్టం శివను ఏం చేస్తుందన్న ప్రశ్న సినిమా అడగదు. అయినా ఎవరు ఏం పోగొట్టుకున్నారో అది మరిచిపోలేదు. అందుకే నిలబడింది.

అంకుశం దగ్గర నా ఇబ్బంది

అదే 1989లో వచ్చిన కోడి రామకృష్ణ ‘అంకుశం’ విషయంలో నా తీర్పు ఇంత తేలిగ్గా తెగలేదు. ఇన్‌స్పెక్టరుగా రాజశేఖర్ కళ్ళు, అతనికి డబ్బింగు చెప్పిన సాయికుమార్ గొంతు కలిసి ఒక్క మనిషిగా నిలబడిన తీరు ఇప్పటికీ అబ్బురమే. రౌడీ నీలకంఠంగా రామిరెడ్డికి అది మొదటి సినిమా. “స్పాట్ పెడతా” అన్న మాటతో ఊళ్ళలో పిల్లలకు ఆట దొరికింది. ఇన్‌స్పెక్టరు ఆ నీలకంఠాన్ని నడివీధిలో జనం మధ్య ఈడ్చుకుపోయే సన్నివేశం వచ్చినప్పుడు, ఒంటరిగా, హెడ్‌ఫోన్లు పెట్టుకుని చూస్తున్న నాకు చేతుల మీద వెంట్రుకలు లేచాయి. కాబట్టి ఆ సన్నివేశం పనిచేయడం లేదని నేను చెప్పలేను. పనిచేస్తోంది. ఇబ్బంది అక్కడే.

2019 డిసెంబరు 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ‘దిశ’ అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపినప్పుడు, అక్కడికి చేరిన జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ పూలు టీవీలో చూస్తూ ‘ఈ సీను ఎక్కడో చూశాను’ అనుకున్నవారిలో నేనొకణ్ణి. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. నిందితులను చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిగాయని అది తేల్చింది. పూలు చల్లినవాళ్ళు ఆ నివేదిక చదివారో లేదో. ఒక సినిమా వల్ల జనం ఇలా తయారయ్యారని అనడం అన్యాయం, తెలివితక్కువ కూడా. జనంలో ఉన్న కసినే సినిమా తీసుకుంది. కాని తీసుకుని ఏం చేసింది అని అడగవచ్చు కదా. అదీకాక, శ్రీకాకుళం జిల్లావాళ్ళకు పోలీసు కాల్పుల కథనాల మీద సందేహం సినిమాల కంటే ముందునుంచే ఉంది. 1970 జులైలో బడిపంతుళ్ళుగా పనిచేసిన నక్సలైటు నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం మన్యంలో ఎదురుకాల్పుల్లో చనిపోయారని ప్రకటన వచ్చినప్పుడు, వారి రాజకీయాలతో ఏమాత్రం పొసగని మా పెద్దవాళ్ళు కూడా ఆ ప్రకటనను తలాడిస్తూ వినలేదట. ఆ ఇళ్ళల్లోని పిల్లలమే పంతొమ్మిదేళ్ళ తరువాత ‘అంకుశం’కు ఈలలు వేశాం. ఈ రెండూ ఒకే ఊళ్ళో ఎలా ఇమిడాయన్నది నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు.

మా వీధిలో ఉండే రిటైరైన హెడ్ కానిస్టేబుల్ గారితో ఇదంతా అన్నాను. ఆయన నా మాట పూర్తిగా విని, “మాస్టారూ, మీరు ఆ రోడ్డు సీను ఒక్కటే పట్టుకున్నారు. అందులో ట్రాన్స్‌ఫరు ఆర్డరు సంగతి చూళ్ళేదు” అన్నారు. స్టేషన్లో కేసు రాసే సమయానికి పైనుంచి ఫోను వస్తుందని, సాక్షి కోర్టు మెట్లెక్కేసరికి మాట మారుస్తాడని, రౌడీ బెయిలు మీద వచ్చి అదే టీకొట్టు దగ్గర నిలబడి తమను పలకరిస్తాడని, ఆ అవమానం తెలిసిన సినిమా అదొక్కటేనని ఆయన వాదన. మళ్ళీ చూస్తే ఆయన చెప్పినదాంట్లో నిజముంది. నీలకంఠం వెనుక నిలబడ్డ రాజకీయాన్ని, నిజాయితీపరుడైన ముఖ్యమంత్రికి పక్కనే పొంచి ఉన్నవాళ్ళను ‘అంకుశం’ బాగానే చూపించింది. మనం తేలిగ్గా కొట్టిపారేసే సినిమా కాదది. అయితే నా ఫిర్యాదు కోపం మీద కాదు. ఆ కోపంతో చెయ్యి ఎత్తిన మనిషిని సినిమా ఒక్కసారైనా అనుమానంగా చూడదు, అది నా ఫిర్యాదు. అతని చేతిలో పొరపాటున మరొకడు చిక్కితే ఏమవుతుందన్న ఊహే దానికి లేదు.

ఆ ఊహ ఉన్న సినిమా ఒకటి 1971లోనే వచ్చింది. విలియమ్ ఫ్రీడ్‌కిన్ తీసిన ‘ది ఫ్రెంచ్ కనెక్షన్’లో డిటెక్టివ్ డోయల్‌ది ‘అంకుశం’ ఇన్‌స్పెక్టరు కోపమే, అదే మొండితనం. రైలు వెంట కారులో పరుగెత్తే సన్నివేశాన్ని అందరూ పొగుడుతారు. అది ఇప్పటికీ ఊపిరి బిగబట్టిస్తుంది. నన్ను పట్టుకున్నది మాత్రం చివర. పాడుబడిన భవనంలో నేరస్థుడనుకుని డోయల్ తన తోటి అధికారినే కాల్చేస్తాడు. కాల్చినది ఎవరినో తెలిశాక కూడా ఆగడు, తుపాకీ పట్టుకుని చీకట్లోకి వెళ్ళిపోతాడు. పెద్ద నేరస్థుడు దొరకడు. నా మట్టుకు, ఆ సినిమా డోయల్‌ను ఇష్టపడనిచ్చింది, పూజించనివ్వలేదు.

వంటింట్లోకి వెళ్ళినవాళ్ళు

ఇంతవరకు నేను చెప్పిందంతా మగవాళ్ళు మగవాళ్ళను కొట్టుకోవడం గురించి. ఊళ్ళో నలుగురం చందా వేసుకుని వీసీఆర్ అద్దెకు తెచ్చి, రాత్రంతా వరుసగా క్యాసెట్లు వేసుకునే రోజుల్లో ఒక సంగతి అందరూ చూసేవారు, ఎవరూ అనేవారు కాదు. యాక్షన్ సినిమాలో హీరో చెల్లెలో, వదినో ఒంటరిగా ఇంట్లో ఉన్న సన్నివేశం మొదలవగానే ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయేవారు. మా అప్పను (అక్కను) ఈమధ్య అడిగితే, “ఏటి జరుగుతాదో ముందే తెలుసు కదరా. టీ ఎట్టే వంకన లెగిసిపోయేవోళ్ళం. అయిపోనాక ఎవులో పిలిసేవోరు” అంది. ‘అయిపోయాక’ పిలిచేవారంటే, హీరోకు పగ పుట్టిన తరువాత. ఆనాటి యాక్షన్ సినిమాల్లో సగానికి ఆడపిల్ల శరీరం ఒక కారణం మాత్రమే. కారణం దొరికాక ఆ పిల్లను మళ్ళీ చూపించే ఓపిక కథకు లేదు. ఇప్పుడు మళ్ళీ చూస్తుంటే ఇవే భరించలేకపోయాను. ఫైట్లు ఎంత నాసిరకంగా ఉన్నా నవ్వి ఊరుకోవచ్చు, దీన్ని నవ్వి ఊరుకోలేం.

టి. కృష్ణ ‘ప్రతిఘటన’ 1985లో ఈ పద్ధతిని తలకిందులు చేసింది. రౌడీ కాళి మీద సాక్ష్యం చెప్పడానికి ముందుకు వచ్చిన లెక్చరరును వాడు నడిబజారులో వివస్త్రను చేస్తాడు. మామూలు సినిమాకు ఇది ఇంటర్వెల్ ముందు ఒక మలుపు. ‘ప్రతిఘటన’కు అసలు కథ అక్కడినుంచే. భర్త తలదించుకుంటాడు, సర్దుకుపొమ్మంటాడు. క్లాసులో కుర్రవాళ్ళు నల్లబల్ల మీద ఆమె బొమ్మ గీసి నవ్వుతారు. వేటూరి పాట అక్కడ వస్తుంది, ఆ పాట లేకపోయినా ఆ బొమ్మే చాలు. నేను పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి కాబట్టి ఆ గదిలో ఎవరు ఎక్కడ కూర్చుని ఉంటారో నాకు తెలుసు. నన్ను కాళి కంటే ఆ ముందు బెంచీ ఎక్కువ భయపెట్టింది. చివర్లో సన్మాన సభలో ఆమె గొడ్డలి ఎత్తినప్పుడు, ఆ హత్యను కూడా నేను సంబరంగా చూడాల్సిందేనా అన్న సందేహం నాకుంది. బజారు సన్నివేశాన్ని అంత చూపించడం అవసరమా అన్న సందేహం అంతకంటే ఎక్కువ ఉంది. కాని మా అప్ప చెప్పిన మాట ఒకటి ఈ రెంటినీ పక్కకు నెట్టింది. ఆ సినిమాకు తామెవరూ లేచి వెళ్ళలేదట.

మినహాయింపులు

ఈ పరీక్ష పనికిరాని సినిమాలూ ఉన్నాయి. 1971 నాటి ‘మోసగాళ్ళకు మోసగాడు’లో గుర్రాలు, టోపీలు, బికనీరు ఇసుక, నిధి, నాగభూషణం వంకర నవ్వు, అక్కడ చచ్చినవాడికోసం ఏడవమని ఎవరూ అడగలేదు. దానికి కథ, మాటలు రాసిన ఆరుద్ర విజయనగరం కళాశాలలో చదివినవారని మేము కాస్త గర్వంగానే చెప్పుకుంటాం. 1991 నాటి ‘క్షణ క్షణం’లో బ్యాంకు దోపిడీ, హత్యలు, వెంటాడే పరేష్ రావల్ ముఠా అన్నీ ఉన్నా, అడవిలో దారి తప్పిన శ్రీదేవి గొణుగుడు ముందు ఏ తుపాకీ నిలవదు. నేను చూసినవాటిలో ఒక్క నిమిషం కూడా పాతబడనిది అదే. ఇలా మినహాయింపులు ఇచ్చుకుంటూ పోతే నా సిద్ధాంతంలో ఏం మిగిలిందని అడగవచ్చు. సినిమా మొదటి పావుగంటలోనే మనకు చెబుతుంది, ఇక్కడ దెబ్బ తగిలితే నొప్పి ఉంటుందా ఉండదా అని. నొప్పి లేదని చెప్పిన సినిమా చివరిదాకా ఆ మాట మీద నిలబడితే పేచీ లేదు. ‘ఖైదీ’ వంటివి మొదట నొప్పి చూపించి, భూస్వామి దాష్టీకాన్ని, హీరో సూర్యం కడుపుమంటను నమ్మించి, పగ మొదలయ్యాక ఆ నొప్పిని వదిలేస్తాయి. మొదటి పోలీసుస్టేషను ఘట్టం, హాలీవుడ్ ‘ఫస్ట్ బ్లడ్’ నీడ దానిమీద ఉన్నా, ఇప్పటికీ నిలుస్తుంది. ఆ పైన నాకు చిరంజీవి తప్ప మరేమీ కనిపించలేదు.

ఇక ‘షోలే’. తెలుగువాళ్ళం కూడా మన సినిమాలాగే మోసిన ఆ చిత్రం ఎమర్జెన్సీ రోజుల్లో, 1975 ఆగస్టు 15న, విడుదలైంది. తన చేతులు నరికిన బందిపోటు గబ్బర్‌ను ఠాకూరు మేకుల బూట్లతో తొక్కి చంపే ముగింపును సెన్సారు ఒప్పుకోలేదు. పోలీసులు సరిగ్గా వేళకు వచ్చి, చట్టం చేతికి అప్పగించమనే ముగింపు తీసి అతికించారు. మనమంతా చూసింది అదే. ఆఖర్లో జీపు రావడం మీద మనం వేసుకున్న జోకులకు లెక్కలేదు. అసలు ముగింపుతో శుభ్రపరిచిన ప్రతి 2025 డిసెంబరులో హాళ్ళకు వచ్చింది. అందులో గబ్బర్ చచ్చాక ఠాకూరు భోరున ఏడుస్తాడు. కోడలు తప్ప ఇంట్లో ఎవరూ మిగలని మనిషి, అన్నాళ్ళు పెంచుకున్న పగ తీరాక, చేతులు లేక కన్నీళ్ళు తుడుచుకోలేకుండా ఏడుస్తాడు. హింస ఎక్కువైందని కోసిన కత్తెరకు, ఆ హింస ఖరీదు చెప్పే ఏడుపు కూడా పోయింది.

దీన్ని హెడ్ కానిస్టేబుల్ గారికి చూపించాను, నా వాదనకు ఒప్పుకుంటారనే ఆశతో. ఆయనకు పాత ముగింపే నచ్చింది. “ఠాకూరు రిటైరైపోయాడు కదండీ. యూనిఫాం లేనోడు చంపితే అది ఖూనీయే. పోలీసులు రావడమే కరెక్టు” అన్నారు. మరి నడివీధిలో ఈడ్చుకుపోయిన ‘అంకుశం’ ఇన్‌స్పెక్టరు సంగతేమిటంటే, “ఆయన డ్యూటీలో ఉన్నాడు” అన్నారు. ఇద్దరి మధ్యా ఆయనకు కనిపించిన తేడా ఆ ఖాకీ చొక్కా. నాకు కనిపించిన తేడా, ఠాకూరు ఏడ్చాడు, ఇన్‌స్పెక్టరును సినిమా ఏడవనివ్వలేదు. ఆ రోజుకి మా ఇద్దరిలో ఎవరూ రెండోవారిని ఒప్పించలేదు. వచ్చే వారం ‘గాయం’ చూద్దామని మాత్రం అనుకున్నాం.